చివరి వరుసకి వినపడాలి

పోయిన నెలలో గాజువాకలో ఒక పెళ్ళికి వెళ్ళాను. మా ఆవిడ తరఫు బంధువుల పిల్లది. ఫోటోలు తీసేవాళ్ళే ముగ్గురున్నారు. వాళ్ళలో ఒకడు పెళ్ళికూతురితో, "మేడమ్, మీరు సార్‌కి ఎడమ పక్కకి రండి. ఇంకొంచెం దగ్గరికి. భుజానికి తల ఆన్చండి" అంటున్నాడు. పురోహితుడు తల వంచమన్నాడు. మేనత్త చెయ్యి చాపమంది. మైకు పట్టుకున్నవాడు నవ్వమన్నాడు. గంటన్నర సేపు చూశాను. అందరూ ఆ పిల్లని ఏదో ఒకటి చెయ్యమన్నవాళ్ళే. ఒక్కడు కూడా ఆమెను ఒక్క ప్రశ్న అడగలేదు.

ఉండబట్టలేక పక్క కుర్చీ పెద్దమనిషితో, "ఆ పిల్లకి ఇష్టమేనా అండి?" అన్నాను.

"ఏటి మాస్టారూ, అన్నాలకి పిలిసేత్తంటే ఇప్పుడు అడుగుతన్నారు" అని ఆయన నవ్వాడు. ఇంతలో గట్టిమేళం మొదలైంది. ఇంక ఎవడి మాటా ఎవడికీ వినపడలేదు.

అన్నం తినకుండా లేచి వచ్చేశాను. బస్సులో ఇంటిదాకా నా పాత స్నేహితుడొకాయనే గుర్తుకొచ్చాడు. ఆ గట్టిమేళం మీద ఆయనకున్నంత పగ ఈ భూమ్మీద ఇంకొకరికి ఉండి ఉండదు.

ఆయన పోయి ఏడాది దాటింది. పేరు రాయను. ఇవాళ పేరు రాస్తే జనం మనిషిని వదిలేసి ముందు కులం వెతుకుతారు, దొరికాక ఇంక చదవరు. ఆయన అందరినీ బావా అనేవాడు, అందరూ ఆయన్ని బావ అనేవారు. నేనూ అలాగే రాస్తాను.

బావకి పాత పోస్టాఫీసు దగ్గర, కోటవీధి వైపు దిగే సందులో సెలూన్ ఉండేది. ఒక కుర్చీ, ఒక బెంచీ, ఒక పేపరు. ఆ షాపుకి ఒక పద్ధతి ఉంది. ముందొచ్చినవాడికి ముందు కటింగు కాదు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళలో ఎవడు పేపరు పైకి చదివితే వాడికి ముందు కుర్చీ. చదవనివాడు చదివినవాళ్ళంతా అయ్యేదాకా కూర్చోవాలి. నేనప్పుడు హార్బరులో వించి తిప్పేవాణ్ణి. ఓడలోంచి ఎంత బరువైనా పైకెత్తి ఒడ్డున పెట్టగలను గానీ, ఆ పేపరులో ఒక్క అక్షరం ఎత్తలేకపోయేవాణ్ణి. ఒక ఆదివారం పొద్దున్న ఏడింటికి వెళ్ళి, మధ్యాహ్నం రెండింటికి కుర్చీ ఎక్కాను.

తెల్లగుడ్డ విదిలించి నా మెడకి కడుతూ, "సిగ్గేత్తందా బావా?" అన్నాడు.

"కోపం వత్తంది."

"అదే మంచిది. సిగ్గుతో కూకుంటే అచ్చరం ముక్క రాదు. కోపంతో కూకో, వత్తాది."

నాలుగు నెలల్లో వచ్చింది. ఓనమాలు ఆయన నేర్పలేదు. కొనుక్కున్న బాలశిక్షా నా కోపమూ కలిసి నేర్పాయి. నేను మొదటిసారి పేపరులో నాలుగు లైన్లు తప్పుల్లేకుండా చదివిన రోజు బెంచీ మీద తొమ్మిదిమంది ఉన్నారు. తొమ్మిదిమందినీ దాటించి నన్ను కుర్చీ ఎక్కించాడు. ఆ తర్వాత యాభై ఏళ్ళలో నన్ను చాలా కుర్చీల్లో కూర్చోబెట్టారు, శాలువాలు కూడా కప్పారు. దాని ముందు అవేవీ నిలవవు.

ఆయనకి రెండు అలవాట్లు. మాట్లాడుతున్నంత సేపూ కత్తెర గాలిలో ఆడుతూనే ఉండేది. జుట్టు కత్తిరించినా కత్తిరించకపోయినా చిటచిటమంటూ ఉండేది. ఎవడైనా అబద్ధం చెప్పాడా, ఠక్కున ఆగిపోయేది. ఆయన ఏమీ అనేవాడు కాదు. ఆ నిశ్శబ్దం తట్టుకోలేక చెప్పినవాడే మాట మార్చుకునేవాడు. రెండో అలవాటు, పని అయ్యాక చిన్న అద్దం తల వెనక పట్టి, నచ్చిందా అని అడిగేవాడు. ఎవరైనా అడుగుతారు. ఆయన జవాబు కోసం ఆగేవాడు. "ఆఁ ఆఁ" అని తల ఊపితే అద్దం తీసేవాడు కాదు. "సూసి సెప్పు. నీ తల నీ ఎనకాల ఎలగుందో నీకు తెలకపోతే ఎలాగ?"

ఆయన పుట్టింది పెళ్ళిళ్ళకి సన్నాయి వాయించే ఇంట్లో. చిన్నప్పుడు తండ్రి పక్కన డోలు మోసుకుంటూ పందిరి అంచున కూర్చునేవాడు. భోజనాలకి ఆఖరి పంక్తి వాళ్ళది. "వందల పెళ్ళిళ్ళు సూసేను బావా, అన్నీ పందిరి బయట్నుంచే" అనేవాడు. "తాళి కట్టే ఏళకి అయ్యోరు సెయ్యెత్తుతాడు. మా అయ్య బుగ్గలు పగిలేలాగ ఊదేవోడు. అపశకునం మాట ఎవుడి సెవినా పడకూడదని ఆ మేళం. ఆ పెళ్ళికూతురు ఆ నిమిషంలో ఏడిసినా, వొద్దన్నా, ఎవుడికి ఇనపడతాది? మాకే ఇనపడేది కాదు. పక్కనే ఉండీవోళ్ళం."

అందుకే ఆయన చేసిన పెళ్ళిళ్ళలో మేళం ఉండేది కాదు.

ఇప్పటివాళ్ళకి ఆ రోజులు చెప్పాలి. అటు కొండల్లో తుపాకులు పేలుతున్నాయి. ఇటు ఊళ్ళో గోడలన్నీ ఎర్రరాతలు. రేపో మాపో రాజ్యం మారిపోతుందని మేం నమ్మాం. నమ్మడమంటే ఇప్పటివాళ్ళు ఏదో పార్టీకి ఓటేసినట్టు కాదు. వచ్చే వానాకాలం నాటికి కోర్టులూ కచేరీలూ ఉండవని లెక్కేసుకుని బతికాం. కులం తోకలు తెంపుకున్నాం. పెళ్ళిళ్ళు దండల పెళ్ళిళ్ళయ్యాయి. రెండు దండలు, నాలుగు మాటలు, తలా ఒక టీ. ఆ పెళ్ళిళ్ళు చేయించే మనిషి బావ. నాయకులు ఉపన్యాసం చెప్పి వెళ్ళిపోయేవారు. అసలు పెళ్ళి తర్వాత ఈయన చేసేవాడు.

ఆ తంతు ఇంతే. పెళ్ళికూతుర్ని ముందు నిలబెట్టేవాడు. "అమ్మా, నీకు ఇష్టమేనా? ఆ సివర్న కూకున్నోడికి ఇనపడాల" అనేవాడు. తర్వాత ఆగేవాడు. అద్దం పట్టుకుని ఆగినట్టే. పిల్ల గొణిగితే ఒప్పుకునేవాడు కాదు. గట్టిగా చెప్పాక, హాలు చివర కూర్చున్నవాడి వైపు చూసి, "సివరోడా, ఇనపడిందా?" అనేవాడు. వాడు చెయ్యెత్తాలి. అప్పుడు పెళ్ళికొడుకుని అడిగేవాడు. అప్పుడు దండలు.

"ఓరి, నువ్వు తాళి నేని పెళ్ళిళ్ళు సేసుకుంటా పోతే, నానెవుడి తాళికి ఊదాల్రా?" అని తండ్రి తిట్టేవాడట. తిడుతూనే ఒకసారి చూడ్డానికి వచ్చి, చివరి వరుసలో కూర్చుని, చెయ్యెత్తి వెళ్ళాడట. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం బావ కత్తెర ఆగేది, అబద్ధమై కాదు.

ఆయన పెళ్ళి చేసుకోలేదు. కారణం ఆయనే చెప్పేవాడు, దాచేవాడు కాదు. సభల పనులు చూసే ఒక అమ్మాయిని ఈయనే ఇష్టపడ్డాడు. తన పద్ధతి ప్రకారమే, పదిమందిలో నిలబడి అడిగాడు. ఆ అమ్మాయి, "నాకిష్టం నేదు" అని చివరి వరుసకి వినపడేలా చెప్పింది. చివరివాడు చెయ్యెత్తాడు. "నా పద్ధతి పని సేత్తందని ఆ రోజే రూఢీ అయింది బావా" అని పడీపడీ నవ్వేవాడు.

మా చెల్లెలి పెళ్ళి ఆయనే చేశాడు. ఒకేసారి నాలుగు జంటలకి. మా చెల్లెలు కోరుకున్నవాడు గోదావరి జిల్లా నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాడు. మా కులం కాదు. పేపరు చదవడం వచ్చింది గానీ నాకింకా అంత బుద్ధి రాలేదు. రానన్నాను. మా అమ్మ ఏడిస్తే వెళ్ళి, చివరి వరుసలో, గుమ్మానికి ఆనుకుని, చెప్పులు విప్పకుండా నిలబడ్డాను. మా చెల్లెలి వంతు వచ్చింది. దానికి ఇరవై ఏళ్ళు. "ఇష్టమే" అంది. ఆ గొంతు నాకు బాగా వినపడింది. బావ నన్నే చూశాడు.

"సివరోడా, ఇనపడిందా?"

హాలంతా వెనక్కి తిరిగింది. నోట మాట రాలేదు. చెయ్యి మాత్రం ఎలా లేచిందో లేచింది. దించి వెళ్ళిపోయాను.

తర్వాత ఫోటో తీశారట. ఫోటోగ్రాఫరు జంటలు జంటలుగా నిలబెట్టబోతే బావ ఒప్పుకోలేదు. "నా పక్కనున్నది నాదీ అన్నట్టుగా, జంటలేటి? పొలం పట్టాలాగుంటాది. మనుసులు ఎనిమిదిమంది. మనుసుల్లాగ నిలబడండి" అన్నాడు. ఆడవాళ్ళు నలుగురూ ముందు బెంచీ మీద కూర్చున్నారు, మగవాళ్ళు నలుగురూ వెనక నిలబడ్డారు. ఎవరిష్టం వచ్చిన చోట వాళ్ళు. ఎవరి వెనక ఎవరున్నారో చూసుకోలేదు. ఆ ఫోటో చూసి ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పడం ఎవరి తరమూ కాదు. మాకు అది గొప్పగా ఉండేది.

తర్వాత సంగతి తెలిసిందే. రాజ్యం మారలేదు. కొండల్లో కాల్పులు ఆగాయి. కొంతమంది తిరిగి రాలేదు. బావని రెండుసార్లు పట్టుకెళ్ళారు. రెండోసారి వచ్చాక కుడిచేతి బొటనవేలు వంగేది కాదు. కత్తెర పట్టే తీరు మార్చుకున్నాడు, అంతే, దాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు.

మిగిలినవాళ్ళు ఇళ్ళకి తిరిగారు. ఇళ్ళతోబాటు అన్నిటికీ తిరిగారు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఓడిపోవడం తప్పు కాదు. ఓడిపోయాక అవతలివాడి పందిట్లో ముందు వరుసలో కూర్చోవడం తప్పు. మా చెల్లెలితోబాటు పెళ్ళయిన నలుగురిలో ఒకడు అందరికంటే గట్టిగా అరిచినవాడు. సభలో నిలబడి పేరు చివర తోక తెంపుకున్నవాడు. గాజువాకలో కాంట్రాక్టులు పట్టాడు, గుడి కమిటీకి పెద్ద అయ్యాడు, తోక ఫ్లెక్సీల మీద మళ్ళీ మొలిచింది. అసలు పేరు కంటే తోకే పెద్ద అక్షరాల్లో వేయించుకున్నాడు. అతని భార్య వేరే కులం. మంచి ముహూర్తం చూసి ఆమెకి తాళి కట్టాడు, మొదటి పెళ్ళి మాట ఎక్కడా ఎత్తొద్దన్నాడు. ఆమె ఊరూ కులమూ ఏవో కొత్తవి అల్లి చెప్పుకున్నారు.

నేనూ మడి కట్టుకు కూర్చోలేదు. మా అబ్బాయి పెళ్ళి ముహూర్తం పెట్టించే చేశాను. బావ వచ్చి, చివరి వరుసలో కూర్చుని, భోంచేసి వెళ్ళాడు. దెప్పలేదు.

ఆయన దెప్పడు, నేను తిడతాను. అదీ మాకు తేడా. సెలూన్ అప్పటికి తగరపువలస మార్చాడు. ఆదివారం బస్సెక్కి వెళ్ళి ఆ గుడి కమిటీవాణ్ణి తిడుతుంటే, కత్తెర ఆడిస్తూ వినేవాడు.

"పెరిగిందని జుట్టుని తిడతావేటి బావా? పెరగడం దాని పని. మళ్ళీ కత్తిరించడం మన పని."

"నువ్వు కత్తిరిత్తావు, వోడు పెంచుతాడు. ఎన్నాళ్ళు?"

"షాపు కట్టీసినాక కదా ఆ లెక్క. ఇప్పుడు తెరిసే ఉంది. తల దించు."

మా చెల్లెలి భర్త హార్బరు దగ్గర ఒక వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరాడు. మంచివాడు. నేను కోప్పడుతున్నా, "అలాగేనండి, అలాగేనండి బావగారూ" అనేవాడు. ఉద్యోగంలో చేరేటప్పుడు కాగితంలో పెళ్ళయిందా అన్న చోట గీత కొట్టాడు. అది కంపెనీకి అనవసరమని వాడి సిద్ధాంతం. తర్వాత దిద్దించుకోమని వందసార్లు చెప్పాను. "అలాగేనండి" అన్నాడు. ముప్ఫై ఆరేళ్ళు అలాగేనన్నాడు. ఉద్యోగం దిగడానికి పది నెలలుందనగా, పనిలోంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ పెరట్లోనే పోయాడు. పిల్లల్లేరు.

వాడి అన్న గోదావరి నుంచి ఆఫీసుకి ఉత్తరం రాశాడు. ముప్ఫై ఆరేళ్ళలో ఒక్కసారి గుమ్మం తొక్కని అన్న. తన తమ్ముడు అవివాహితుడనీ, ఆ ఇంట్లో ఉంటున్న ఆడమనిషి వంటమనిషనీ, రావలసిన డబ్బు తనకే ఇవ్వాలనీ. ఆఫీసు గుమాస్తా ఆ ముక్క పట్టుకుని, విచారణ కాగితంలో సంబంధం అన్న గడిలో 'వంటమనిషి' అని ఎక్కించేశాడు. కాదంటే రుజువు తెమ్మన్నారు.

మా చెల్లెలు డబ్బు మాట ఎత్తలేదు. మిషను కుట్టి బతకగలదు. పొయ్యి ముందు కూర్చుని, "అన్నియ్యా, మరి నాను సచ్చిపోయినా ఆ కాయితంలో వంటమనిసిగానే ఉండిపోతానా?" అంది. అదొక్కటే అడిగింది. మూడుసార్లు అడిగింది.

నేను వకీలు దగ్గరికి వెళ్ళాను. ఆయన ఒక ప్రమాణపత్రం రాసిచ్చాడు. ఫలానా వధూవరుల వివాహం శాస్త్రోక్తంగా, పురోహితుని సమక్షంలో, అగ్నిసాక్షిగా, ఏడడుగులతో జరిగిందనీ, తాను దగ్గరుండి జరిపించాననీ బావ సంతకం పెట్టాలి. తగరపువలస తీసుకెళ్ళి చేతిలో పెట్టాను. ఆయన నిలబడే చదివాడు. కత్తెర ఆగిపోయింది.

"అగ్గెక్కడిది బావా అక్కడ? నాను బీడీ ముట్టించిన అగ్గి తప్ప."

"కాయితం మీద మాట. సంతకం ఎట్టీ."

"పురోయితుడెవుడు?"

"నువ్వే అనుకో."

"మా అయ్య ఇంటే నవ్వుతాడు."

"నవ్వనీ. నీ నిజం కోసం నా సెల్లెలు వంటమనిసైపోవాలా? నీ సిద్ధాంతానికి అది గరిటె పట్టుకు నిలబడాలా?"

ఆయన కాగితం మడిచి నా జేబులో పెట్టాడు. "ఇది ఎడితే ఆ పిల్ల ఆ రోజు గట్టిగా సెప్పిన మాట అబద్ధమైపోతాది. నాను అడిగేను, అది సెప్పింది. అదే పెళ్ళి. దాని మీద మంత్రాలు కప్పమంటావేటి? మా మేళం కప్పినట్టే కదా అదీ."

"ఇంక నీ షాపు గుమ్మం తొక్కను" అన్నాను. కుర్చీలో ఉన్నవాడు సగం గడ్డంతో నన్నే చూస్తున్నాడు. బస్సులో వస్తూ ఆయన్ని తిట్టినన్ని తిట్లు నేనెవర్నీ తిట్టలేదు. అందరూ మారిపోయారని తిట్టినవాణ్ణే, మారలేదని ఆయన్ని తిట్టాను.

తొమ్మిదో రోజు పొద్దున్నే ఆయనే మా ఇంటికి వచ్చాడు. చంకలో అట్ట. విప్పితే ఆ ఫోటో. నలుగురాడవాళ్ళు, నలుగురు మగవాళ్ళు.

"ఇందులో ఎవురికెవురో దేవుడికి కూడా తెలదు" అన్నాను. ఆయనతో మాట్లాడనన్న సంగతి అప్పటికి మర్చిపోయాను.

బావ ఫోటో మీద దుమ్ము తువ్వాలుతో తుడిచాడు. "తప్పు నాదే. ఇది తీయించినప్పుడు మనం ముసిలోళ్ళం అవుతామని నాకు తట్టనేదు బావా. అప్పటికి ఆఫీసులే ఉండవనుకున్నాను. కాయితం అడిగీవోడే ఉండడనుకున్నాను." ఫోటో మళ్ళీ అట్టలో పెడుతూ, "నాను ఎడంగా నిలబెట్టినోళ్ళని నానే కలపాల. రా, గాజువాక ఎల్దాం" అన్నాడు.

ఫోటోలోని భీమిలి జంట సాక్ష్యానికి అప్పటికే ఒప్పుకున్నారట. ఎండుచేపల వ్యాపారం వాళ్ళది, దాచుకునేదేమీ లేదు. యారాడలో ఉన్నావిడ భర్త పోయాడు, ఆవిడా వస్తానంది. మిగిలింది గుడి కమిటీ పెద్ద. అతని సాక్ష్యం లేకపోతే ఫోటోలో ఇద్దరు మగవాళ్ళు మిగిలిపోతారు. ఇద్దరిలో మా చెల్లెలి భర్త ఎవరో తేలదు.

గాజువాకలో ఆ పెద్దమనిషి మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టాడు. నుదుట నామం, మెళ్ళో తులసిపూసలు. చిన్నకొడుక్కి సంబంధం చూస్తున్నారనీ, తన కులంలోనే కుదురుతోందనీ, ఇప్పుడీ ఫోటో బయటపడితే ఇంటావిడ సంగతంతా బయటపడుతుందనీ నేలచూపులు చూస్తూ చెప్పాడు. నేను నోరు తెరవబోయాను. బావ నా మోకాలు నొక్కి, సంచిలోంచి తెల్లగుడ్డ తీశాడు.

"సెవుల మీద పెరిగిపోనాది బావా. కూకో" అన్నాడు.

ఆ పెద్దమనిషి ఏమనుకున్నాడో, కూర్చున్నాడు. బావ వంగని బొటనవేలితో అరగంట సేపు కత్తిరించాడు. పెళ్ళి మాట గానీ, ఫోటో మాట గానీ ఎత్తలేదు. భీమిలిలో ఇప్పుడు ఏ చేపలు పడుతున్నాయో చెప్పాడు. చివర అతని చేతికి ఒక అద్దం ఇచ్చి, చిన్న అద్దం తల వెనక పట్టాడు.

"ఎలగుంది?"

అతను అద్దంలోకి చూశాడు. చాలా సేపు చూశాడు. బావ అద్దం దించలేదు. లోపలి గుమ్మంలోంచి అతని భార్య అంది:

"నాను వత్తాను. ఏ రోజు రమ్మంటారు?"

"నువ్వూరుకో" అన్నాడతను.

"ముప్పయ్యారేళ్ళు ఊరుకున్నాను. ఆ పిల్లా నానూ ఒకే బెంచీ మీద కూకున్నాం. దాన్ని వంటమనిసంటే నన్నేటంటారు?" అని, బావ వైపు తిరిగి, "టీ తాగి ఎల్లండి" అంది.

ఆఫీసులో విచారణాధికారి ఒక అమ్మాయి, ముప్ఫై దాటి ఉంటాయేమో. పక్కన గుమాస్తా. బావ బల్ల మీద ఫోటో పెట్టాడు. "అమ్మా, ఇందులో జంటల్ని ఇడగొట్టింది నానే. కలపడానికి వచ్చేను" అన్నాడు.

భీమిలావిడ ముందుకొచ్చి వెనక వరుసలో ఒక మొహం మీద వేలు పెట్టింది. "ఈడు నావోడు. అప్పుడు జుట్టుండీది." ఆమె భర్త తన బట్టతల తడుముకుని, "నానే" అన్నాడు. యారాడావిడ ఇంకో మొహం మీద వేలు పెట్టి, పోయిన భర్త ఉద్యోగం కార్డు పక్కన పెట్టింది. గాజువాకావిడ మూడో మొహం మీద వేలు పెట్టింది. ఆమె పక్క ఎవరూ లేరు.

"వారు రాలేదా?" అంది అధికారి.

"ఆయన సంగతి నాకు తెలదమ్మా. నా వేలు ఇదీ" అందామె.

గుమాస్తా గొంతు సవరించుకుని, "మేడమ్, అసలు శాస్త్రోక్తంగా జరగనిది పెళ్ళెలా అవుతుంది? వీళ్ళందరిదీ అదే కేసు" అన్నాడు.

"అవుతాది."

ఆ మాట నా పక్కనుంచి వచ్చింది. నేను గుమ్మంలో ఉన్నాను. నన్ను తోసుకుని ఆ గుడి కమిటీ పెద్ద లోపలికి వెళ్ళాడు. నామం అలాగే ఉంది. మెడ మీద కొత్తగా కత్తిరించిన గీత తెల్లగా కనిపిస్తోంది. బల్ల దగ్గరికి వెళ్ళి, భార్య వేలి పక్కన తన వేలు పెట్టాడు. "మాది అలగే అయింది. అవకపోతే ఈవిడ నాకేటవుతాది? రాసుకోండి, సంతకం ఎడతాను." ఆ తర్వాత అతని చిన్నకొడుకు సంబంధం తప్పిపోయిందని విన్నాను. అప్పట్నుంచి ఆ మనిషిని తిట్టడం మానేశాను. తోక ఇంకా ఫ్లెక్సీల మీద ఉంది, దాన్ని మాత్రం తిడుతూనే ఉన్నాను.

మూడు మొహాల మీద వేళ్ళు పడ్డాయి. నాలుగో మొహం ఒక్కటే తేటగా మిగిలింది. పాతికేళ్ళు కూడా నిండని కుర్రాడు, చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు, "అలాగేనండి" అంటున్నట్టే ఉన్నాడు. మా చెల్లెలు దాని మీద వేలు పెట్టలేదు. చూస్తూ నిలబడింది.

అధికారి కలం పట్టుకుని, "ఇంతకీ మీరు చేయించిన తంతు ఏమిటండి? నేను ఏదో ఒకటి రాయాలి కదా" అంది.

"అడగడమేనమ్మా."

"ఏమని?"

బావ మా చెల్లెలి వైపు తిరిగాడు. జేబులో కత్తెర లేదు, అద్దం లేదు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"అమ్మా, నీకు ఇష్టమేనా? సివరోడికి ఇనపడాల."

ఆగాడు. ఫ్యాను తిరుగుతోంది. వరండాలో ఎవరో ఫైళ్ళు దించుతున్న చప్పుడు. ఆమెకి యాభై ఆరేళ్ళు. ఆయన తొందరపెట్టలేదు.

"ఇష్టమే" అంది. ఆ వరండా చివరిదాకా వినపడి ఉంటుంది.

బావ వెనక్కి తిరిగి నన్ను చూశాడు. "సివరోడా?"

ఈసారి నాకు మాట వచ్చింది. "ఇనపడింది బావా. అప్పుడూ ఇనపడింది."

అందరి చేతా వాంగ్మూలాలు రాయించుకుని సంతకాలు తీసుకున్నారు. నా సంతకం కింద 'వినినవాడు' అని నేనే రాశాను, గుమాస్తా అభ్యంతరపెట్టినా కొట్టనివ్వలేదు. అధికారి విచారణ కాగితం దగ్గరికి లాక్కుని, సంబంధం అన్న గడిలో ఉన్న మాట మీద అడ్డంగా గీత కొట్టి, పైన చిన్న అక్షరాలతో 'భార్య' అని రాసి, పక్కన పొడి సంతకం పెట్టింది.

మా చెల్లెలు చూపించమంది. కాగితం చేతిలోకి తీసుకుని చాలా సేపు చూసింది.

"కొట్టీసినా కింద మాట కనపడతంది కదా" అంది.

బావ ఆమె భుజం మీదుగా వంగి, కళ్ళద్దాలు పైకి జరుపుకుని చూశాడు.

"కనపడనీ అమ్మా. కొట్టీసినారని కూడా కనపడాల."